క్వీన్‌కి వంత పాడేదెవరు?

మొన్న ఫిబ్రవరిలో మా కాలేజీలో ఫేర్‌వెల్ జరిగింది. గుంటూరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పడం నా పని. కాలేజీ వెనక రేకుల షెడ్డులో స్టేజీ కట్టారు. ఆరేడు వందల మంది పిల్లలు. ఒకమ్మాయి చక్కగా పాడుతూ పల్లవి దాటి చరణంలోకి వచ్చిందో లేదో, సౌండ్ బాక్సులు ఒక్కసారి గుర్రుమని, చిటపటలాడి ఆగిపోయాయి. కాలిన వైరు వాసన. మైకు సెట్టు అతను సెల్‌ఫోన్ లైటు పళ్ళతో పట్టుకుని ఆంప్లిఫయర్ మూత ఊడదీస్తున్నాడు. పిల్లలు ఈలలు మొదలుపెట్టారు. ప్రిన్సిపాల్ గారికి టెన్షన్. ఆ అమ్మాయి పలకని మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఇంకాసేపుంటే ఏడ్చేట్టుంది.

అప్పుడు వెనక వరసల్లోంచి వినిపించింది. దబ్, దబ్, ఛట్. రెండుసార్లు కాలు నేలకేసి కొట్టడం, ఒకసారి చేతులు చరవడం. దబ్, దబ్, ఛట్. ముందు పదిమంది, తర్వాత ఒక వరస, అర నిమిషం తిరిగేసరికి షెడ్డు మొత్తం. పైన రేకులు అదురుతున్నాయి. దూలాల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము లైట్ల వెలుగులో పొడిపొడిగా రాలుతోంది. మాటలు ఎవరికీ పూర్తిగా రావు. పల్లవి రాగానే మాత్రం అందరూ ఒకే గొంతుతో అందుకుంటున్నారు. స్టేజీ మీద ఏడవబోయిన పిల్ల కూడా మైకు పక్కన పెట్టి చప్పట్లు కొడుతోంది. నాలుగైదు నిమిషాలకి మైకు పలికింది. పిల్లలు మాత్రం ఆపలేదు.

మొదలుపెట్టిన కుర్రాణ్ణి తర్వాత పట్టుకున్నాను. మాచర్ల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటాడు. "ఎవరి పాటరా అది?" అన్నాను. "తెలీదు సార్. క్రికెట్ మ్యాచుల్లో వేస్తారుగా" అన్నాడు.

ఆ పాట 'వియ్ విల్ రాక్ యు'. క్వీన్ అనే ఇంగ్లండ్ బ్యాండు 1977లో చేసింది. అప్పటికి నేనే పుట్టలేదు, ఇక వాడి సంగతి చెప్పక్కర్లేదు. పక్కనే ఉన్న మా లెక్కల సార్‌తో ఈ మాటే అంటే, ఆయన తేలిగ్గా తీసిపారేశారు. "అదంతా సినిమా మహిమ సార్. 2018లో వాళ్ళ మీద సినిమా రాకపోతే ఎవరు గుర్తుపెట్టుకునేవాళ్ళు? పాత సరుకుకి కొత్త ప్యాకింగు" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళుగా వింటున్న వాళ్ళని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తే ఊరుకోలేకపోయాను. ఆయనకి చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

సినిమా సంగతి ముందు తేల్చేస్తాను. సినిమా వల్ల కొత్త అభిమానులు వచ్చిన మాట నిజమే, అందులో హీరోగా వేసిన రామీ మాలెక్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. కానీ ఆ సినిమాకి ఏడాది ముందు, 2017 జూలైలో, లండన్ హైడ్ పార్కులో గ్రీన్ డే అనే వేరే బ్యాండు కచేరీ పెట్టింది. దాదాపు 65 వేల మంది వచ్చారు. బ్యాండు ఇంకా స్టేజీ ఎక్కలేదు. టైంపాస్‌కి స్పీకర్లలో క్వీన్ పాట 'బొహీమియన్ రాప్సడీ' రికార్డు వేశారు. ఆ జనమంతా మొదటి అక్షరం నుంచి చివరి దాకా పాడేశారు. ఆరు నిమిషాల పాట. స్టేజీ మీద పురుగు లేదు. వచ్చింది క్వీన్ కోసమూ కాదు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. 1981లో వచ్చిన వాళ్ళ 'గ్రేటెస్ట్ హిట్స్' బ్రిటన్‌లో అన్ని కాలాలకీ కలిపి ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్. 70 లక్షలు దాటింది. ఇదంతా సినిమా చేసిన పని కాదు. మా మాచర్ల కుర్రాడు ఆ సినిమా చూడనే లేదు.

మరి గొంతా? చాలాకాలం నేనూ అదే అనుకున్నాను. వాళ్ళ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ లాంటి గొంతు మళ్ళీ పుట్టదు కాబట్టి క్వీన్ నిలబడిందనుకునేవాణ్ణి. ఆ నమ్మకం ఎలా మారిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1994లో నేను పదో తరగతి. అప్పట్లో అరండల్‌పేటలో క్యాసెట్ రికార్డింగు షాపులుండేవి. కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాళ్ళు. మా నాన్న ఘంటసాల పాటల లిస్టు రాసి ఇచ్చారు. రెండు రోజుల తర్వాత తెచ్చుకున్నాం. రెండో వైపు చివర లిస్టు అయిపోయినా టేపు ఇంకో ఆరేడు నిమిషాలు మిగిలింది. ఆ షాపతను దాన్ని ఖాళీగా వదలకుండా తనకి నచ్చిన పాటేదో ఎక్కించేశాడు. ఘంటసాల గొంతు ఆగింది, చిన్న టక్కుమన్న చప్పుడు, వెంటనే వాయిద్యం ఏదీ లేకుండా నలుగురైదుగురు ఇంగ్లీషులో కలిసి పాడటం మొదలైంది. "డబ్బులు తీసుకుని ఈ గోలేంట్రా!" అని నాన్న లేచి ఆపేశారు. షాపుకి వెళ్ళి అడుగుతానన్నారు కూడా. నేను మధ్యాహ్నాలు నాన్న లేనప్పుడు ఆ ఆరు నిమిషాలే వినేవాణ్ణి. బ్యాటరీలు అయిపోతాయని పెన్సిలు చక్రంలో పెట్టి చేత్తో వెనక్కి తిప్పేవాణ్ణి.

నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మొదట పియానో పలుకుతుంటే ఎవరో అమ్మతో మొరపెట్టుకుంటున్నాడని మాత్రం తెలిసేది. ఆ తర్వాత ఉన్నట్టుండి గుంపు గొంతులు, ఒకడు అడగడం, వందమంది జవాబు చెప్పడం, మధ్యలో స్పష్టంగా 'బిస్మిల్లా' అన్న మాట. మా వీధి చివర మసీదులో రోజూ వినే మాట ఇంగ్లీషు పాటలో ఎందుకుంటుందని తప్పు విన్నాననుకున్నాను. తప్పు వినలేదు. అది వాళ్ళు కావాలనే పెట్టిన మాట. తర్వాత గిటారు విరుచుకుపడేది, చివరికి అంతా సద్దుమణిగి ఒక గంట చప్పుడుతో ఆగిపోయేది. ఇదంతా ఒకే పాటంటే నమ్మబుద్ధయ్యేది కాదు.

ఆ పాట 'బొహీమియన్ రాప్సడీ' అనీ, బ్యాండు క్వీన్ అనీ తెలియడానికి నాకు మరో మూడేళ్ళు పట్టింది. ఆ గుంపు గొంతుల వెనక అసలు సంగతి తెలిసింది ఇంకా తర్వాత. అక్కడున్నది ముగ్గురే. ఫ్రెడ్డీ మెర్క్యురీ, గిటారు వాయించే బ్రయాన్ మే, డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్. 1975లో ఆ ఒక్క గుంపు గొంతుల భాగం కోసమే, పాశ్చాత్యుల సంగీత నాటకం లాంటి ఆ ఆపెరా భాగం కోసమే, మూడు వారాలు పట్టింది. రోజుకి పది పన్నెండు గంటలు పాడటం, పాడినదాని మీద మళ్ళీ పాడటం, దాని మీద మళ్ళీ. అప్పటి యంత్రాల్లో టేపు మీద 24 ట్రాకులే, అంటే ఒక్కో గొంతునీ విడిగా ఎక్కించే వరసలే, ఉండేవి. చోటు సరిపోక, నిండిన ట్రాకులని కలిపి ఒకటి చేసి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. అన్నిసార్లు తిరిగి తిరిగి టేపు మీది పూత అరిగిపోయి, వెలుతురుకి ఎత్తి పడితే అవతల వైపు కనిపించేదట. పెన్సిలుతో టేపు తిప్పినవాణ్ణి కాబట్టి ఆ మాట నాకు వెంటనే బోధపడింది. 5 నిమిషాల 55 సెకన్ల పాటని రేడియోలు వెయ్యవని రికార్డు కంపెనీ వాళ్ళు జంకారు. కెనీ ఎవరెట్ అనే లండన్ రేడియో ఆయన రెండు రోజుల్లో 14 సార్లు వేశాడు. అది బ్రిటన్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఆలోచించగా ఆలోచించగా నాకు తట్టింది ఇది. వాళ్ళకి ఒక గుంపు కావాల్సి వచ్చింది. గుంపు లేదు. ముగ్గురు కూర్చుని తమ గొంతులతోనే గుంపుని తయారు చేసుకున్నారు. మన భాషలో చెప్పాలంటే కథకుడూ వాళ్ళే, వంతా వాళ్ళే.

వంత అన్న మాట ఊరికే రాలేదు. మా తాతయ్య బుర్రకథ దళంలో వంత. తెనాలి దగ్గర పల్లె మాది. మధ్యలో కథకుడు భుజాన తంబురా, వేళ్ళకి అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, చేతిలో గుమ్మెటలు. కుడివైపు వంత లోకం సంగతులు మాట్లాడతాడు, ఎడమవైపు వాడు నవ్విస్తాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారిని బుర్రకథా పితామహుడంటారు, 1986లో పద్మశ్రీ ఇచ్చారు. పల్నాటి యుద్ధం ఆయన చెబుతుంటే వినడానికి తాతయ్య సైకిలు తొక్కుకుంటూ ఎంత దూరమైనా వెళ్ళేవాడట. ఆయన దగ్గర వంతలు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో గమనించడానికే వెళ్ళేవాణ్ణనేవాడు. "కథకుడి గొంతు ఒకపూట పోయినా ఫర్వాలేదురా, వంత చచ్చుబడితే జనం లేచిపోతారు" అని చాలాసార్లు అనగా విన్నాను.

ఇప్పుడు వంత పాడటమంటే తిట్టు. ఎవరైనా పెద్దవాడు ఏమంటే దానికి తలూపేవాణ్ణి 'వంత పాడుతున్నాడు' అంటున్నాం. తాతయ్య వింటే బాధపడేవాడు. వంత పని తలూపడం కాదు. కథకుడు ఒక మాట అని ఆగుతాడు. వంత 'ఆ తర్వాత?' అని అడుగుతాడు, 'అదెట్లా?' అని నిలదీస్తాడు, 'తందాన తాన' అని ఊపిరి అందిస్తాడు. మంచి దళమైతే మూడో చరణానికల్లా ఆ 'తందాన తాన' జనంలోంచి వస్తుంది. అప్పుడు తాతయ్య గుమ్మెట కొడుతూ నోరు మూసుకునేవాడట. తన పని జనం తీసుకున్నారు కాబట్టి.

క్వీన్ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. తేదీతో సహా చెప్పొచ్చు. 1977 మే నెల, ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్ అనే ఊళ్ళో బింగ్లీ హాలు. కచేరీ అయిపోయింది, బ్యాండు లోపలికి వెళ్ళిపోయింది. జనం ఇళ్ళకి పోకుండా, ఫుట్‌బాల్ మైదానాల్లో పాడుకునే ఒక పాత పాటని తమంతట తామే అందుకున్నారు. వేరే బ్యాండైతే సంతోషించి కారెక్కేది. బ్రయాన్ మే మాత్రం ఆలోచనలో పడ్డాడు. ఇంత ఇరుకులో కిక్కిరిసి నిలబడ్డ మనిషి ఏం చెయ్యగలడు? కాలు తొక్కగలడు. చేతులు చరవగలడు. పాడగలడు. అయితే వాళ్ళ వాటా వాళ్ళకి రాసి ఇద్దాం అనుకున్నాడు. అలా పుట్టింది దబ్, దబ్, ఛట్.

దాన్ని రికార్డు చేసిన తీరు నేను ప్రతి ఏడూ ధ్వని పాఠం చెప్పేటప్పుడు చెబుతాను. లండన్‌లో వెసెక్స్ స్టూడియో ఒకప్పుడు చర్చి. అక్కడ పడున్న పాత చెక్క పలకల మీద బ్యాండు వాళ్ళూ, చేతికందిన వాళ్ళూ కాళ్ళు తొక్కారు. ఇప్పుడు ఆ కొద్దిమంది చప్పుడు వేలమంది చప్పుడుగా మారాలి. అదే చప్పుడుని కొంచెం ఆలస్యంగా మళ్ళీ మళ్ళీ వినిపిస్తే సరిపోతుందనుకుంటాం. కానీ ఆ ఆలస్యాలు ఒకదానికొకటి గుణిజాలుగా ఉంటే, రెండు, నాలుగు, ఎనిమిది లాగా, చెవి వెంటనే పట్టేస్తుంది. కొండవీడు కోటలో కేకేసినట్టు ప్రతిధ్వని వినిపిస్తుంది, మనుషులు వినిపించరు. బ్రయాన్ మే ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ చదివినవాడు. ఆ ఆలస్యాలని ప్రధాన సంఖ్యల నిష్పత్తుల్లో పెట్టాడు. రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు లాంటివి ఒకదానితో ఒకటి త్వరగా కలవవు. కాబట్టి చెవికి ప్రతిధ్వని దొరకదు. దగ్గర కొందరు, దూరంగా కొందరు, ఒక మైదానం నిండా మనుషులు నిలబడి తొక్కుతున్నట్టుంటుంది. పాట మొత్తం మీద డ్రమ్స్ లేవు. గిటారు కూడా చివర్లోనే. ఇది చెప్పినప్పుడు మా లెక్కల సార్ క్లాసు పిల్లలు కూడా కిటికీ దగ్గరకి చేరతారు.

అంటే రికార్డులోనే జనానికి కుర్చీ వేసి ఉంచారు. ఆ పాట ఒంటరిగా విన్నా వంతతో సహా వింటాం. కరెంటు పోతే, ఆంప్లిఫయర్ కాలిపోతే, గుంటూరులో రేకుల షెడ్డులో కూడా అది మొదలైపోతుంది. ఎందుకంటే కావలసిన వాయిద్యాలు మనిషి ఒంటికే ఉన్నాయి.

1985 జూలై 13, వెంబ్లీ స్టేడియం, లైవ్ ఎయిడ్. ఇథియోపియా కరువు సాయానికి పెట్టిన కచేరీ. 72 వేల మంది జనం. క్వీన్‌కి దొరికింది ఇరవై నిమిషాల పైచిలుకు. సాయంత్రం ఆరున్నర దాటినా ఇంకా ఎండ. కాబట్టి లైట్ల ఆర్భాటం లేదు, పొగ లేదు. ఎవరి కోసం వచ్చిన జనమో కూడా తెలియదు. 'రేడియో గాగా' వచ్చేసరికి ఆ జనమంతా రెండు చేతులూ పైకెత్తి ఒకే లెక్కలో చరిచారు. ఆ పాట రాసింది డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్, పేరు పుట్టింది వాళ్ళ పసివాడి ముద్దుమాటలోంచి. తర్వాత ఫ్రెడ్డీ గిటారూ డ్రమ్సూ అన్నీ ఆపించి, చేతిలో సగం కర్ర ఉన్న మైకుతో నిలబడి 'ఏ... ఓ' అన్నాడు. జనం 'ఏ... ఓ' అన్నారు. వాడు మెలిక తిప్పాడు, వాళ్ళూ తిప్పారు. ఇంకొంచెం కష్టమైన మెలిక. ఒక స్వరం పట్టుకుని వదలడు, వాళ్ళూ వదలరు. అక్కడ అర్థమున్న మాట ఒక్కటీ లేదు. 'తందాన తాన'లో మాత్రం ఏ అర్థముంది?

అదే ఏడాది జనవరిలో బ్రెజిల్‌లో జరిగింది నాకు ఇంకా ఇష్టం. రియోలో 'లవ్ ఆఫ్ మై లైఫ్' అనే నెమ్మదైన పాట. బ్రయాన్ మే ఒక్కడే గిటారుతో. అక్కడివాళ్ళ భాష పోర్చుగీసు. ఆ కనుచూపు మేర జనం ఇంగ్లీషు పాటని వరసలు తప్పకుండా పాడుతుంటే, ఫ్రెడ్డీ పాడటం మానేసి చేత్తో లయ చూపిస్తూ నిలబడ్డాడు. గుమ్మెట కొడుతూ నోరు మూసుకున్న మా తాతయ్యే గుర్తొచ్చాడు.

ఫ్రెడ్డీ గురించి మనవాళ్ళు ఒక మాట తప్పకుండా అంటారు, 'మనవాడే' అని. అసలు పేరు ఫారుఖ్ బుల్సారా, పార్సీ కుటుంబం, 1946లో జాంజిబార్‌లో పుట్టుక, చదువు మహారాష్ట్రలో పంచ్‌గనీ హాస్టల్లో. 1964లో జాంజిబార్‌లో విప్లవం వస్తే కుటుంబం కట్టుబట్టలతో ఇంగ్లండ్ చేరింది. అంతవరకూ నిజం. అంతకుమించి లాక్కోవడం నాకు నచ్చదు. అతను తన పుట్టుక గురించి ఎప్పుడూ పెద్దగా మాట్లాడలేదు. ఎనిమిదేళ్ళ వయసులో ఇంటికి సముద్రం అవతల హాస్టల్లో పడ్డ పిల్లవాడు అతను. హాస్టల్ పిల్లల మధ్య బతికేవాణ్ణి కాబట్టి, నలుగురిని పోగేసి పాడించాలన్న ఆ ఆకలి ఎక్కడ మొదలై ఉంటుందో ఊహించుకుంటాను. అది నా ఊహే.

ఇంకో ముఖ్యమైన సంగతి ఈ బ్యాండులో హీరో ఒకడు కాదు. నలుగురూ పాటలు కట్టారు, నలుగురి పాటలూ హిట్లే. అందరికంటే మౌనంగా ఉండే బేస్ గిటారు జాన్ డీకన్ రాసిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' 1980లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. 1989 ఆల్బమ్ నుంచి ఎవరు రాసినా పేరు మాత్రం 'క్వీన్' అనే వేసుకున్నారు. పేర్ల దగ్గరే ఎన్ని దళాలు విడిపోతాయో మా ఇంట్లో తెలుసు. తాతయ్య దళం కూడా గోడ మీద కాగితంలో ఎవరి పేరు పైన వెయ్యాలన్న తగువుతోనే చీలిపోయింది.

వాళ్ళ వాయిద్యాల గురించి రాయకుండా ముందుకు పోలేను. బ్రయాన్ మే ఈనాటికీ వాయించే ఆ ఎర్ర గిటారు కొన్నది కాదు. 1963లో పదహారేళ్ళ వయసులో వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లో చెయ్యడం మొదలుపెట్టాడు. రెండేళ్ళు పట్టింది. మెడ భాగం నూరేళ్ళు పైబడిన పాత పొయ్యిగూటి చట్రం చెక్క. దాన్లో పురుగు తొలిచిన కన్నాలు అగ్గిపుల్లలతో పూడ్చారు. లోపలి స్ప్రింగులు పాత మోటార్‌సైకిలువి. మెట్ల గుర్తులుగా వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు. చేతిపిడి కొసకి స్వెట్టరు అల్లే సూది ముక్క. తీగలు మీటేది కూడా ప్లాస్టిక్ ముక్కతో కాదు, ఆరు పెన్నీల పాత నాణెంతో. జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. ఎవరో చెత్తతొట్టిలో పడేసిన సర్క్యూట్ బోర్డు ఏరుకొచ్చి పాత స్పీకరు డబ్బాలో పెట్టి చిన్న ఆంప్లిఫయర్ చేశాడు. బ్యాటరీతో నడుస్తుంది. ఎర్ర గిటారుని దానికి తగిలించి వాయిస్తే వయొలిన్ల లాగా, బాకాల లాగా పలికేది. క్వీన్ పాటల్లో ఆర్కెస్ట్రా అనుకునేది చాలాసార్లు ఆ డబ్బానే.

తాతయ్య గుమ్మెట ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది. తోలు తనే బిగించుకునేవాడు. ఒకచోట పట్టు వదిలితే అమ్మమ్మ పాత చీర అంచు చింపి మెలిపెట్టి కట్టాడు. ఆ అంచు రంగు ఇంకా పోలేదు. చేత్తో చేసుకున్న వస్తువు మీద మనిషికి ఉండే పట్టు వేరు. ఎక్కడ ఎంత గట్టిగా కొడితే ఎలా పలుకుతుందో వాడికి తెలిసినట్టు ఇంకొకళ్ళకి తెలియదు.

ఇంత మెచ్చుకుంటూ వాళ్ళ తప్పు చెప్పకపోతే అన్యాయం. 1984 అక్టోబరులో క్వీన్ దక్షిణాఫ్రికాలో సన్ సిటీలో కచేరీలు చేసింది. తెల్లవాళ్ళ జాతి వివక్ష ప్రభుత్వం రాజ్యమేలుతున్న రోజులు. అక్కడికి కళాకారులెవరూ వెళ్ళొద్దని ఐక్యరాజ్యసమితి పిలుపు ఉంది. అయినా వెళ్ళారు. తమది సంగీతమే కానీ రాజకీయం కాదని సమర్థించుకున్నారు. వాళ్ళ సొంత దేశంలో సంగీతకారుల సంఘమే జరిమానా వేసింది. నాకు ఆ సమర్థన ఈనాటికీ మింగుడుపడదు. బుర్రకథలో కుడివైపు వంత ఉన్నదే అందుకు. కథ ఎంత రంజుగా సాగుతున్నా మధ్యలో ఆపి, 'అదిసరే, ఊళ్ళో జరుగుతున్న అన్యాయం సంగతేంటి?' అని అడగాలి. క్వీన్‌కి ఆ కుడి వంత లేకుండా పోయింది. ఇరవై నిమిషాల వెంబ్లీ ఆ మచ్చని జనం కళ్ళకి కనపడకుండా చేసింది, తుడిచెయ్యలేదు.

1991 నవంబర్ 23న తనకి ఎయిడ్స్ ఉందని ఫ్రెడ్డీ ప్రకటించాడు. మర్నాడే పోయాడు. 45 ఏళ్ళు. అంతకు ముందటేడు, నిలబడటానికే కష్టమైన స్థితిలో, 'ద షో మస్ట్ గో ఆన్' పాడాడు. ఆ పై స్థాయి అందుకోగలడా అని బ్రయాన్ మేకే అనుమానం. ఒక గుక్క వోడ్కా వేసుకుని ఆ పాట అందుకున్నాడు. నేను ఆ పాట ఎక్కువసార్లు వినలేను. 1997 తర్వాత జాన్ డీకన్ బ్యాండు వదిలి ఇంటిపట్టున ఉండిపోయాడు. బ్రయాన్ మే 1974లో మధ్యలో వదిలేసిన పీహెచ్‌డీని 2007లో పూర్తి చేశాడు, అంతరిక్షంలో ధూళి మీద. అదీ నాకు ఇష్టమైన విషయమే, మా పిల్లలకి తప్పక చెబుతాను.

గొంతే కారణమైతే 1991తో అయిపోవాలి కదా? కాలేదు. ఎందుకో తెలియాలంటే 'బొహీమియన్ రాప్సడీ'ని స్టేజీ మీద వాళ్ళు ఏం చేసేవాళ్ళో చూడాలి. 180 గొంతుల దాకా పేర్చిన ఆ ఆపెరా భాగం నలుగురు మనుషులు స్టేజీ మీద పాడటం అయ్యే పని కాదు. ఫ్రెడ్డీ బతికున్నప్పుడే, ఆ భాగం రాగానే నలుగురూ లోపలికి వెళ్ళిపోయేవాళ్ళు. టేపు వేసేవాళ్ళు. స్టేజీ ఖాళీ. ఆ ఖాళీలో పాడింది జనం. అంటే హైడ్ పార్కులో 2017లో జరిగింది కొత్తది కాదు, నలభై ఏళ్ళుగా చేస్తున్న అలవాటే. మనుషులు పోతే జనం ఆ చోటులోకి వచ్చి నిలబడటానికి వీలుగా ఆ పాటలు ముందునుంచే కట్టి ఉన్నాయి. ఇంకా గొప్ప గొంతులున్న బ్యాండులు, ఇంకా లోతైన మాటలు రాసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళని వింటాం, నమస్కారం పెడతాం. క్వీన్ మాత్రం మనకి పని చెబుతుంది.

లెక్కల సార్‌కి ఇదంతా ఫోన్లో సగం చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, క్రికెట్ స్టేడియాలే ఆ పాటని బతికించాయంటారు. స్టేడియాల వాళ్ళు వేరే ఏ పాటని ఎంచుకోకుండా దీన్నే ఎందుకు ఎంచుకున్నారో చెప్పమంటే రేపు చెబుతానన్నారు.

నాన్నకి ఇప్పుడు డెబ్బై ఆరు. బ్రాడీపేటలో మా ఇంట్లోనే ఉంటారు. మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక సెల్‌ఫోన్‌లో వెంబ్లీ వీడియో చూస్తుంటే పక్కన వచ్చి కూర్చున్నారు. ఆ క్యాసెట్‌లో గోల చేసింది వీళ్ళేనని నేను చెప్పలేదు. 'ఏ... ఓ' దగ్గరకి వచ్చింది. మొదటిసారి ఊరికే చూశారు. రెండోసారి మడిచి కూర్చున్న మోకాలి మీద వేళ్ళు కదిలాయి, తాతయ్య గుమ్మెట మీద కదిలినట్టే, బొటనవేలు ఆనించి. మూడోసారి పెదాలు కదిలాయి.

"కథకుడు గట్టివాడేరా" అన్నారు. కాసేపు చూసి, "వంతలు కనపడరేం?" అని అడిగారు.

కెమెరా అప్పుడే జనం వైపు తిరిగింది. అటు చూపించాను. నాన్న కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఫోను దగ్గరకి తీసుకున్నారు.

"అంతమందే!" అన్నారు. "మొదట్నించీ పెట్టు."